దొంగల భాష: రాసిపెట్టిన వారు, ఆడుకుంటున్న వారు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో దొంగ పాత్ర తీసుకున్న ఆటగాడికి మొదటి మెట్టులోనే ఒక విద్య ఊరికే వచ్చేస్తుంది. దాని పేరు ‘థీవ్స్ క్యాంట్’, అంటే దొంగల భాష. తాళం తీయడం, చప్పుడు లేకుండా నడవడం వచ్చినట్టే ఆ పాత్రకు ఈ భాష కూడా వచ్చు. ఏ రాజ్యంలో ఏ ఊరికి వెళ్లినా అక్కడి దొంగలతో, పక్కవాళ్లకు అంతుపట్టకుండా మాట్లాడుకోవచ్చు. నియమాల పుస్తకంలో దీనికి దక్కిన చోటు ఒక చిన్న పేరా. ఆ పేరా వెనక అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. న్యాయాధికారులు, కరపత్రాల రచయితలు, జైలు అధికారులు, భాషావేత్తలు, చివరికి ఆటల రూపకర్తలు తలా ఒక చెయ్యి వేసిన చరిత్ర అది.

ఈ ఆట ఎరగనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయనే గేమ్ మాస్టర్. మిగిలినవాళ్లు వీరుడో, మాంత్రికురాలో, అర్చకుడో, దొంగో అయి ఆ కథలో తిరుగుతారు. ‘గోడ ఎక్కుతాను’ అని ఆటగాడు అంటే, ఎక్కగలిగాడో జారిపడ్డాడో పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసిన మూడు చిన్న పుస్తకాలతో అమెరికాలో మొదలైన ఈ ఆటకు ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు కుర్రకారులోనూ అభిమానులున్నారు. దీన్ని చూసి పుట్టిన ఆటలు లెక్కకు మిక్కిలి. వీటన్నిటినీ కలిపి రోల్‌ప్లేయింగ్ ఆటలంటారు.

దొంగలకు నిజంగా ఒక రహస్య భాష ఉండేదా? ఉంటే దేనికి? ఆటల్లోకి వచ్చింది ఆ భాషేనా, దాని గురించి ఎవరో అల్లిన కథా? ఈ మూడు ప్రశ్నలనూ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. దొంగల మాటలు నిజం. ‘దొంగజాతి’కి ఒకే భాష అన్నది మాత్రం దొంగల్ని పట్టుకునేవాళ్లు కట్టిన ఊహ. ఆటలు ఎక్కువగా ఆ ఊహనే అందిపుచ్చుకున్నాయి. మాటల పుట్టుక ఎలా ఉంటుందో గమనించిన ఆటలు మాత్రం గొప్ప పని చేశాయి.

ఇంగ్లండులో ఈ కథకు మూలపురుషుడు థామస్ హార్మన్. కెంట్ ప్రాంతపు భూస్వామి, స్థానిక న్యాయాధికారిగా పనిచేసినవాడు. ఒంట్లో బాగాలేక ఇంటిపట్టున ఉన్న రోజుల్లో గుమ్మంలోకి వచ్చిన బిచ్చగాళ్లనూ దేశదిమ్మరులనూ పలకరించి, కొంత బతిమాలి, కొంత బెదిరించి వాళ్ల గుట్టు రాబట్టానని ఆయనే చెప్పుకున్నాడు. 1566-67 ప్రాంతంలో ఆ సమాచారమంతా పుస్తకంగా వేశాడు. అందులో దిమ్మరులను రకాలుగా విడదీసి ఒక్కో రకానికీ పేరు పెట్టాడు. మూర్ఛరోగం నటించేవాళ్లు ఒక రకం. నోట్లో సబ్బుముక్క పెట్టుకుని నురగ తెప్పించుకునే నికొలస్ జెన్నింగ్స్ అనేవాణ్ణి లండన్‌లో వెంటాడి పట్టించిన కథ ఆ పుస్తకంలో బాగా ప్రసిద్ధి. చివర్లో ఒక పదపట్టిక, ఆ మాటలతో నడిచే ఒక సంభాషణ కూడా చేర్చాడు. అంతకు ముప్పై ఏళ్ల ముందే రాబర్ట్ కోప్లండ్ తన పద్యకృతిలో ఈ మాటలు కొన్ని వాడాడు. కానీ పట్టికగా కూర్చి, తరవాతివాళ్లందరికీ ముడిసరుకు అందించింది హార్మనే.

ఆ మాటల కట్టుబడి చూస్తే ముచ్చట వేస్తుంది. ‘చీట్’ అంటే వస్తువు. దాని ముందు ఏ పని చేస్తుందో చేరిస్తే కొత్త మాట తయారు. వాసన పట్టే వస్తువు ముక్కు. నమిలే వస్తువులు పళ్లు. కొక్కొక్కో అనే వస్తువు కోడి, గుర్రుమనేది పంది. ‘మాన్స్’ అనే తోక తగిలిస్తే చీకటి కాస్తా రాత్రి అవుతుంది, వెలుగు పగలవుతుంది. ‘రోమ్’ అంటే మేలైనది, కాబట్టి లండన్ నగరం ‘రోమ్‌విల్’. ‘బౌస్’ అంటే తాగుడు, ‘కెన్’ అంటే ఇల్లు, రెండూ కలిస్తే సారాకొట్టు. విభక్తులు, వాక్యం నడక అన్నీ మామూలు ఇంగ్లీషువే. నామవాచకాలు, విశేషణాలు, క్రియలు కొన్ని మాత్రం మారతాయి. దీన్ని భాష అనడం కన్నా ఇంగ్లీషు మీద వేసిన ముసుగు అనడమే సరైనది. ఆటల నియమాల్లో తరచు తప్పిపోయిన సంగతి ఇదే.

హార్మన్ తరవాత జరిగిందంతా నకళ్ల కథ. థామస్ డెకర్ 1608లో వరసగా రెండు పుస్తకాలు తెచ్చాడు. వాటిలో చాలా సరుకు హార్మన్ నుంచి ఎత్తినదే. రెండేళ్లకు ఎస్.ఆర్. అనే పొడి అక్షరాలతో ఇంకో రచయిత లేచి, ఇవి పాత మాటలని, వీటిని ఇప్పుడెవరూ వాడటం లేదని డెకర్‌ను దులిపేశాడు. అయినా నకళ్లు ఆగలేదు. 1611లో డెకర్, మిడిల్టన్ కలిసి అచ్చువేసిన నాటకంలో ఈ భాష రంగస్థలం ఎక్కింది. 1665లో రిచర్డ్ హెడ్ నవల, 1690ల చివర బి.ఇ. అనే అజ్ఞాత రచయిత నిఘంటువు, 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ నిఘంటువు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడ్డాయి. జూలీ కోల్మన్ 2004 నుంచి నాలుగు సంపుటాల్లో ఈ నిఘంటువుల చరిత్ర రాసి, ఏ పట్టిక ఎక్కడి నుంచి ఏ మాట తీసుకుందో ఓపికగా తేల్చింది. ఒకసారి అచ్చులో పడ్డ మాట, వీధిలో చచ్చిపోయిన తరవాత కూడా రెండు మూడు తరాలు పుస్తకాల్లో బతుకుతుంది. అందుకే ఈ పట్టికల్ని చూసి, ఫలానా ఏడాది లండన్ దొంగలు ఇలా మాట్లాడేవారని తేల్చడం ప్రమాదం.

మరి అంతా కల్పనేనా? కాదు. 1585లో లండన్ న్యాయాధికారి విలియం ఫ్లీట్‌వుడ్, రాజమంత్రి బర్లీకి రాసిన లేఖ ఒకటి ఉంది. పాఠకుల్ని మెప్పించడానికి రాసింది కాదు, ఉద్యోగ నివేదిక. బిల్లింగ్స్‌గేట్ దగ్గర ఒక సారాకొట్టులో వాటన్ అనేవాడు కుర్రాళ్లకు జేబుదొంగతనం నేర్పుతున్నాడని అందులో రాశాడు. ఒక సంచీ, ఒక జేబు వేలాడదీస్తారు. వాటి చుట్టూ చిన్నచిన్న గంటలు. ఒకదానిలో ఉత్త బిళ్లలు, ఇంకోదానిలో వెండి నాణాలు. గంట మోగకుండా బిళ్ల తీసినవాడికి ఒక బిరుదు, నాణెం తీసినవాడికి అంతకు మించిన బిరుదు. ఆ బిరుదులు రెండూ దొంగల మాటలే. చేతిపనికి పరీక్ష, పరీక్షకు పట్టా, పట్టాకు పేరు అన్నీ అక్కడ ఉన్నాయి. అంటే మాటలు ఉండేవి, వాటిని నేర్పే చోట్లు కూడా ఉండేవి. కానీ దేశమంతా పాకిన రహస్య రాజ్యం మాత్రం కనిపించదు. దిమ్మరుల మీద పెద్ద పరిశోధన చేసిన చరిత్రకారుడు ఎ.ఎల్. బయర్ కోర్టు రికార్డులు తిరగేస్తే, అందులో కనిపించినవాళ్లు ఎక్కువగా ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో తిరిగే పేదలు. పని పోయి, పొలం పోయి, ఊళ్లు పట్టినవాళ్లు.

ఐరోపాలో మిగతా చోట్లా దాదాపు ఇదే నడక. ఫ్రాన్సులో 1455లో డిజోన్ నగరంలో ‘కొకియార్’ ముఠా మీద విచారణ జరిగినప్పుడు, వాళ్ల మాటలకు అర్థాలు రాయించి కోర్టు కాగితాల్లో పెట్టినవాడు ప్రాసిక్యూటరు. కవి విల్లాన్ ఆ మరుగు మాటలతోనే కొన్ని పద్యాలు అల్లాడు, అవి ఈనాటికీ పూర్తిగా కొరుకుడు పడవు. జర్మనీలో 1510 ప్రాంతంలో వచ్చిన ‘లీబెర్ వాగటోరుమ్’ అనే పుస్తకం అక్కడి దొంగల భాష రోట్‌వెల్ష్‌కు తొలి పెద్ద పట్టిక. దాన్ని 1528లో తన ముందుమాటతో మళ్లీ వేయించినవాడు సాక్షాత్తూ మార్టిన్ లూథర్. అందులో హీబ్రూ మాటలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ఈ భాష యూదుల నుంచి వచ్చిందని ఆయన తీర్పు. తిరుగుడు బతుకులో పక్కపక్కన నడిచినవాళ్లు ఒకరి మాటలు ఒకరు తీసుకున్నారన్నది మామూలు సంగతి. దాన్నుంచి ఒక మతంవాళ్ల మీద నింద తయారుచేయడం అంత సులువైంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం, మన దేశంలో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది.

స్పెయిన్‌ను మాత్రం కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఆటల్లో కనిపించే దొంగల సంఘానికి సాహిత్యంలో అసలు పోలిక అక్కడ ఉంది. 1613లో సెర్వాంటెస్ వెలువరించిన కథాసంపుటిలో రింకొనేతె, కోర్తదీయో అనే ఇద్దరు కుర్రాళ్లు సెవిల్ నగరం చేరతారు. అక్కడ దొంగతనం చేయాలంటే ముందు మొనిపొదియో దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆయన ముఠా నాయకుడే కాదు, లెక్కల పుస్తకం పెట్టి నడిపే పెద్ద. వాటాలు, సెలవులు, జరిమానాలు, పూజలు అన్నీ పద్ధతిగా సాగుతాయి. కుర్రాళ్లు వెళ్లేసరికి అక్కడి మాటలు సగం అర్థం కావు. దారి చూపించినవాడే అర్థాలు చెబుతాడు. కొత్త మాట నేర్చుకోవడమంటే ఆ ఇంటివాడు కావడమని ఆ ఒక్క ఘట్టంలో తేలిపోతుంది. అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ 1939 నుంచి రాసిన ఫాఫర్డ్, గ్రే మౌసర్ కథల్లోని లాంఖ్మార్ నగరపు దొంగల సంఘానికీ మొనిపొదియో ఇంటికీ చుట్టరికం కనిపిస్తుంది. లైబర్ కథలు తన ఆటకు స్ఫూర్తి ఇచ్చినవాటిలో ఉన్నాయని గైగాక్స్ 1979లో స్వయంగా ప్రకటించాడు.

ఇంతకీ ఈ మాటలు దేనికి? రహస్యం కోసమని వెంటనే అనిపిస్తుంది. ఆలోచిస్తే అది పూర్తిగా నిలవదు. సంతలో ఇద్దరు అర్థంకాని మాటలు మాట్లాడుకుంటే చుట్టూ ఉన్నవాళ్ల చేతులు జేబుల మీదికి వెళతాయి. ముసుగు వేసుకున్నవాడే ముందు కళ్లబడతాడు. 1976లో భాషావేత్త ఎం.ఎ.కె. హాలిడే దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఎలిజబెత్ రాణి నాటి ఇంగ్లీషు దిమ్మరుల మాట, పోలండ్ జైళ్ల భాష, కలకత్తా నేరగాళ్ల భాష ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, వీటి అసలు పని ఎదురు సమాజాన్ని కట్టడమని తేల్చాడు. కలకత్తా సమాచారం భక్తిప్రసాద్ మల్లిక్ 1972లో అచ్చువేసిన పరిశోధన నుంచి తీసుకున్నది. అందులో పోలీసుకు 41 మాటలు, బాంబుకు 21 మాటలు ఉన్నాయి. రహస్యమే ముఖ్యమైతే పోలీసుకు ఒక్క మారుమాట చాలు. నలభై ఒకటి ఎందుకు? భయం ఉన్నచోట, ఎగతాళి అవసరమైన చోట, గొప్ప చూపించుకోవలసిన చోట మాటలు పెరుగుతాయి. పైగా నిన్నటి మాట ఇవాళ పోలీసుకు తెలిసిపోతుంది కాబట్టి రేపటికి ఇంకోటి కావాలి.

మన వాడుకలోనూ ఈ పనితీరు కనిపిస్తుంది. జైలును అత్తారిల్లన్నా, శ్రీకృష్ణ జన్మస్థానమన్నా తెలియని తెలుగువాడు లేడు. లంచానికి ఆమ్యామ్యా, చాయ్‌పానీ, చెయ్యి తడపడం లాంటి మాటలు ఎన్నో. వీటిలో రహస్యం సున్నా. అయినా ఆఫీసు గుమాస్తా దగ్గర ‘లంచం ఎంత?’ అని ఎవరూ అడగరు. మారుమాట వాడినవాడు తనకు పద్ధతి తెలుసని చెప్పుకుంటున్నాడు, ఎదుటివాడికి గౌరవంగా తప్పుకునే దారి కూడా ఇస్తున్నాడు. దొంగల మాటల్లో ముప్పాతిక వంతు పని ఇదేనని నా నమ్మకం.

ఇక మన దేశంలో ఈ పట్టికలు చేసిన పని. 1836లో విలియం స్లీమన్ కలకత్తాలో ‘రామసీయానా’ అనే పుస్తకం అచ్చువేశాడు. బాటసారులతో కలిసి నడిచి, నమ్మించి, గొంతుకు రుమాలు బిగించి చంపే థగ్గుల రహస్య భాష రామసీకి అది నిఘంటువు. మాటలు చెప్పినవాళ్లు పట్టుబడి, ప్రాణం దక్కించుకోవడానికి అప్రూవర్లుగా మారినవాళ్లు. మాటలు కలిపి బాటసారిని ముగ్గులోకి దింపేవాడు ‘సోథా’. గొంతు బిగించేవాడు ‘భుర్తోత్’. చంపడానికి ఇచ్చే సంజ్ఞ ‘ఝిర్నీ’. అది తంబాకు తెమ్మనడంలాంటి మామూలు మాటే. ఆటల రూపకర్తలు ఎంత వెతికినా ఇంతకన్నా ఒళ్లు జలదరించే సంకేతం దొరకదు. మూడేళ్లకు, 1839లో, నిజాం సైన్యంలో కొలువు చేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ ఈ సమాచారంతో నవల రాశాడు. అది ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడుపోయింది, హైదరాబాదు రాజ్యపు బాటలు అక్కడి పాఠకుల ఊహలో హత్యల బాటలయ్యాయి.

నిఘంటువు వచ్చిన ఏడాదే ఒక చట్టమూ వచ్చింది. థగ్గుల ముఠాలో ఎప్పుడైనా చేరి ఉన్నాడని రుజువైతే చాలు, యావజ్జీవ శిక్ష. ఫలానా హత్య చేశాడని చూపించనక్కర్లేదు. ఒకడు ఏ మూకకు చెందినవాడో తేలితే ఏం చేశాడో తేల్చే పని లేదన్న ఈ ఆలోచన అక్కడితో ఆగలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టమైంది. 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి పాకింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులన్నారు. వాళ్ల పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు.

మన ఎరకలవారి కథ ఇక్కడ వస్తుంది. వాళ్ల మాతృభాష కుర్రు, తమిళానికి దగ్గరగా ఉండే ద్రావిడ భాష. ఇంట్లో తల్లి బిడ్డతో మాట్లాడే భాష అది. బయటివాళ్లకు అర్థం కాకపోతే పోలీసు చెవికి అది దొంగల సంకేతమైపోయింది. ఎరకలవారిలో చాలామంది ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు, ధాన్యం చేరవేసి బతికినవారని, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలుమార్గాలు ఆ బతుకుతెరువును తుడిచిపెట్టాయని మీనా రాధాకృష్ణ తన 2001 నాటి పుస్తకంలో వివరంగా చూపించింది. 1913లో బాపట్ల దగ్గర, మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో, క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. 1952లో చట్టం రద్దయింది, సంఘసేవకురాలు హేమలతా లవణం వంటివారు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. ఊరి పేరు మీద వేసిన ముద్ర మాత్రం సినిమాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. 1991లో రెండు సినిమాలు, 2023లో ఒక భారీ సినిమా ఆ పేరునో, ఆ కథనో వాడుకున్నాయి. దొంగల భాష అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ ఊరు గుర్తుకొస్తుంది. తల్లి నేర్పిన భాషనూ, ముఠా నేర్పిన మాటనూ ఒకే గాటన కట్టడం ఎంతమందిని నలిపిందో మన నేల మీదే సాక్ష్యం ఉంది.

ఇప్పుడు ఆటల వంక. 1974 నాటి తొలి పుస్తకాల్లో దొంగ పాత్ర లేదు. మరుసటి ఏడాది ‘గ్రేహాక్’ అనుబంధంతో వచ్చింది. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో గైగాక్స్, ప్రతి దొంగకూ, మంచివాడైనా చెడ్డవాడైనా, దొంగల భాష వచ్చునని నియమం పెట్టాడు. అప్పటికే ఆ ఆటలో ధర్మపక్షానికి ఒక భాష, అధర్మపక్షానికి ఒక భాష ఉన్నాయి. దొంగలకూ ఒకటి ఇచ్చేయడం ఆ వరసలో తేలికగా కుదిరింది. కానీ దాంతో దొంగతనం ఒక వృత్తిగా కాక జాతిగా మారింది. మంచు కొండల మీది దొంగా, ఎడారి సంతలోని దొంగా ఒకే మాట మాట్లాడతారు. చరిత్రలో ఎక్కడా లేనిది ఇది. 1871 నాటి చట్టం ఊహించిన ప్రపంచం సరిగ్గా ఇలాంటిదే.

1982లో ఈ ఆటకే అంకితమైన డ్రాగన్ పత్రిక దొంగల భాషకు నిఘంటువు ఒకటి వేసింది. ఆటగాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది గానీ, బల్ల దగ్గర దాన్ని బట్టీపట్టి మాట్లాడటం ఎవరి వల్ల అవుతుంది? ఇంగ్లండులో 1986లో వచ్చిన వార్‌హామర్ ఆట కొంత మేలు. అక్కడ దొంగలకే కాదు, యోధులకు, అడవి తిరిగేవాళ్లకు, వర్తక సంఘాలకు కూడా వేరు వేరు రహస్య మాటలు, రహస్య గుర్తులు ఉన్నాయి. ఏ పనివాళ్లకైనా తమ మాట ఉంటుందన్న నిజం అందులో ఉంది. 1989లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో కూర్పు వచ్చేసరికి రూపకర్తలు చరిత్ర చదివినట్టు తెలుస్తుంది. ఇది విడి భాష కాదు, ఏ భాషలోనైనా కలిపి వాడే మాటలూ గూఢార్థాలూ మాత్రమే అని స్పష్టంగా రాశారు. దోపిడి సొత్తు, తేలికగా మోసపోయేవాళ్లు, కన్నం వేయడం లాంటి సంగతులకే అది పనికొస్తుంది, ఇద్దరికీ ఉమ్మడి భాష ఒకటి లేకపోతే దానితో మాట్లాడలేరు. తమ ఆటలో అది చరిత్రలో లేనంత విస్తృతంగా ఉందని కూడా ఒప్పుకున్నారు. నియమాల పుస్తకాల్లో ఇంత నిజాయితీ అరుదు, నాకు ఆ పేరా అంటే గౌరవం.

2000లో మూడో కూర్పు దొంగల భాషను తీసేసి, నర్మగర్భంగా మాట్లాడే నైపుణ్యాన్ని ఎవరైనా నేర్చుకునేలా పెట్టింది. ఆలోచన మంచిదే, కానీ పాత్రకు ఉన్న రుచి పోయింది. 2014 నాటి అయిదో కూర్పు దాన్ని తిరిగి తెచ్చింది. మామూలు సంభాషణలో సందేశం దాచవచ్చు, కాకపోతే తిన్నగా చెప్పేదానికన్నా నాలుగు రెట్ల సమయం పడుతుంది. గోడల మీద గీసే గుర్తులూ ఇందులో భాగమే: ఇక్కడ ప్రమాదం, ఇది ఫలానా సంఘం ఇలాకా, ఈ ఇంట్లో తలదాచుకోవచ్చు. జర్మన్ దిమ్మరుల ‘త్సింకెన్’ గుర్తుల నీడ ఇందులో కనిపిస్తుంది. ఆ నాలుగు రెట్ల నియమం నాకు బాగా నచ్చింది. దాచి మాట్లాడాలంటే చుట్టు తిరిగి మాట్లాడాలి, చుట్టు తిరగడానికి సమయం కావాలి, ఆ సమయంలో కావలివాడు దగ్గరికి వస్తుంటాడు. ఒక్క అంకెతో ఉత్కంఠ పుట్టింది.

అన్నిటికన్నా సాహసం చేసింది 1994 నాటి ‘ప్లేన్‌స్కేప్’. డేవిడ్ కుక్ రూపొందించిన ఈ లోకంలో సిగిల్ అనే నగరం ఉంది, సకల లోకాల తలుపులూ అక్కడ తెరుచుకుంటాయి. ఆ నగరం మాట కోసం రూపకర్తలు పాత ఇంగ్లీషు దొంగల నిఘంటువులను తవ్వారు. డబ్బుకు, ఇంటికి, పిచ్చివాడికి, రహస్యానికి అక్కడ వేరే మాటలు. ఆటగాళ్లకు రాసిన పుస్తకం కూడా ఆ యాసలోనే నడుస్తుంది. ఇక్కడ అది దొంగల రహస్యం కాదు, వీధిలో ప్రతివాడి నోటి మాట. కొత్తగా వచ్చిన ఆటగాడు మొదట తడబడతాడు, నాలుగు పూటలు ఆడేసరికి తనూ అలాగే మాట్లాడతాడు, అప్పుడు ఆ నగరం అతనిదవుతుంది. 1999లో వచ్చిన ‘టోర్మెంట్’ కంప్యూటర్ ఆట ఇదే యాసను వేలమందికి అలవాటు చేసింది. రింకొనేతె, కోర్తదీయో మొదటి రోజు అనుభవించింది ఆటగాడు తన నోటితోనే అనుభవిస్తాడు. మాటలు ఏ శతాబ్దానివన్న లెక్క చూస్తే ప్లేన్‌స్కేప్‌లో తప్పులు పట్టవచ్చు. పనితీరు చూస్తే హాలిడే వ్యాసానికి ఇంతకు మించిన ప్రదర్శన లేదు.

బల్ల దగ్గర మామూలుగా జరిగేది మాత్రం నిరాశ కలిగిస్తుంది. ‘నేను దొంగల భాషలో అడుగుతాను’ అని ఆటగాడు ప్రకటిస్తాడు, తరవాత సంభాషణంతా మామూలుగానే నడుస్తుంది. ఇంకొందరు గేమ్ మాస్టర్లు హార్మన్ పట్టికనో గ్రోస్ నిఘంటువునో అచ్చు తీసి పంచుతారు. రెండో వారానికి ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. దీనికి మందు మల్లిక్ లెక్కల్లోనే ఉంది. ముఠా దేనికి భయపడుతుందో, దేని మీద బతుకుతుందో అక్కడే మాటలు పుట్టాలి, అవీ ఆటగాళ్లే పుట్టించుకోవాలి.

తెలుగులో ఆడే బృందం ఒకటి ఉందనుకుందాం. కథ ఒక రేవులో, పాత్రలు దొంగసరుకు దించే ముఠా. వాళ్లు పెళ్లి మాటలు తీసుకున్నారు. గస్తీ పడవ మేళం. సరుకు పెళ్లికూతురు. దించే వేళ ముహూర్తం. అధికారికి ముట్టజెప్పేది కట్నం. ‘మేళం ముందే వచ్చేసిందట బావా, ముహూర్తం మార్చుకుందాం. కట్నం కాస్త పెంచితే పిల్లను ఈ రాత్రికే సాగనంపవచ్చు’ అని టీకొట్టు దగ్గర ఒకడంటే, పక్కన కూర్చున్న కావలివాడు పాపం ఎవరింట్లోనో కష్టమొచ్చిందనుకుంటాడు. నాలుగే మాటలు, బట్టీపట్టే పని లేదు. నాలుగు రెట్ల సమయం సహజంగానే పడుతుంది, ఎందుకంటే పెళ్లి కథ అల్లుకుంటూ పోవాలి. గేమ్ మాస్టర్ తెలివైనవాడైతే తరవాతి వారం ఒక కావలివాణ్ణి పలకరింపుకు పంపిస్తాడు: పెళ్లికూతురు ఎవరి అమ్మాయి, శుభలేఖ మాకు అందలేదే అని. అప్పుడు ముఠా ఆ మాటలన్నీ ఆ రాత్రికి రాత్రే వదిలేసి కొత్తవి వెతుక్కోవాలి.

ఇదే రేవులో కొండల మీంచి వచ్చిన ఒక తెగ ఉందనుకోండి, వాళ్ల భాష ఊళ్లో ఎవరికీ రాదు. వాళ్లలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే కావలివాడు అనుమానంతో పట్టుకుపోయాడు. ఇక్కడ గేమ్ మాస్టర్‌కు రెండు దారులున్నాయి. దొంగ పాత్ర ఆటగాడు పాచిక వేసి వాళ్ల మాటలు ‘అర్థం చేసుకోవడం’ ఒకటి. నియమాల పుస్తకం దానికి అడ్డు చెప్పదు. రెండోది, వాళ్లు మాట్లాడుకున్నది బిడ్డ జ్వరం గురించి అని, కావలివాడి పుస్తకంలో మాత్రం అది సరుకు దించే సంకేతంగా రాసి ఉందని చూపించడం. భారతీయ వాతావరణంతో కొత్త ఆటలు రాస్తున్న మన కుర్రాళ్లు థగ్గులనూ రామసీనీ తీసుకునేటప్పుడు ఆ కావలివాడి పుస్తకాన్ని కూడా కథలోకి తేవాలని నా కోరిక. ఆ పుస్తకం ఎవరు రాశారో, ఎవరిని కొట్టి రాబట్టారో, ఆ పట్టికలో మాట పడ్డందుకు ఎవరి ఊరు మొత్తం రోజూ సాయంత్రం ఠాణా ముందు నిలబడి హాజరు పలకవలసి వచ్చిందో ఆటగాళ్లు పాచికలు చేతిలో పట్టుకుని కనిపెట్టాలి.